తాళం వేసిన గుమ్మం ముందు ముగ్గు

నా చిన్నప్పుడు ఒక దేశానికి బోర్డులన్నీ ఊడిపోయాయి. కువైట్‌లోకి ఇరాక్ సైన్యం వచ్చిన వేసవి అది. వచ్చినవాళ్ళకు దారీతెన్నూ దొరకకూడదని కువైట్‌వాళ్ళే వీధి పేర్లూ ఇంటి నంబర్లూ పీకేశారు. మేముండే అబూ హలీఫాలో మా వీధి మిట్టమధ్యాహ్నం కూడా నిర్మానుష్యంగా ఉండేది. మనుషులు వదిలేసి వెళ్ళిన ఇళ్ళలో ఏసీలు మాత్రం గుర్రుమంటూ తిరిగేవి. ఆ చప్పుడంటే నాకు చచ్చేంత భయం.

మా ఎదురు ఫ్లాట్‌లో స్కాట్లండ్ టీచరమ్మ ఒంటరిగా ఉండేది. ఆవిడ దేశంవాళ్ళు కనబడితే సైనికులు పట్టుకుపోతున్నారు. మన ఇండియావాళ్ళ జోలికి అంతగా రావడం లేదు. అందుకని మా అమ్మ ఆవిణ్ణి లోపలే ఉంచి, బయట తాళం వేసింది. అన్నం పెట్టడానికి తలుపు తీసినప్పుడల్లా నేనూ దూరిపోయేదాన్ని.

ఆవిడ సన్నగా ఏదో కూనిరాగం తీస్తూ, వాళ్ళ జిల్లా కబుర్లు చెప్పేది. పేరు కిన్రాస్. చిన్న జిల్లా, మధ్యలో పెద్ద సరస్సు, అందులో ఒక లంక, లంక మీద కోట. పూర్వం ఆ కోటలో ఒక రాణిని బంధించారట. ఆమె తప్పించుకున్నప్పుడు వెనక తలుపులకు తాళాలు వేసి, తాళంచెవులు నీళ్ళలో పడేశారట. చలికాలం మొదలయ్యేసరికి ఆకాశం నిండా అడవిబాతులు వచ్చి ఆ సరస్సులో దిగుతాయట. రోడ్లూ బడులూ చూసుకోవడానికి వాళ్ళకు సొంత కౌన్సిల్ ఉండేదట. ఒకనాడు ప్రభుత్వం దాన్ని రద్దు చేసి, జిల్లాను పక్కనున్న పెద్ద జిల్లాలో కలిపేసింది. "మరి మీరంతా ఏమయ్యారు?" అని అడిగాను. మర్నాడు కూడా పాలవాడు వచ్చాడనీ, ఏ ఊరని అడిగితే ఇప్పటికీ కిన్రాస్ అనే చెబుతామనీ అంది. నాకది దయ్యాల కథలా తోచింది.

ఇంతలో సైనికులు తాళం వేసిన ఇళ్ళనే పగలగొట్టి చూస్తున్నారని తెలిసింది. అమ్మ టీచరమ్మ దగ్గర సుద్దముక్క అడిగి తీసుకుని, ఆ గుమ్మం ముందు పెద్ద ముగ్గు వేసింది. మా నాన్న పాత చెప్పులు పక్కన పెట్టింది.

"కాపురం ఉన్న కొంపలా కనబడాలే పిల్లా. ఉత్త తాళం చూస్తే వాళ్ళ చేతులు ఊరుకోవు," అంది.

ముగ్గు పూర్తయ్యేసరికి మెట్ల మీద బూట్ల చప్పుడు. తాళంచెవి పట్టుకుని అమ్మ కొయ్యబారిపోయింది. నాకు రాణి గుర్తొచ్చింది. ఆ తాళంచెవి లాక్కుని మా ఇంట్లో నీళ్ళ డ్రమ్ములో పడేశాను.

సైనికుడు తాళాన్ని చూశాడు, ముగ్గును చూశాడు. "హిందీ?" అన్నాడు. అరబ్బీలో ఇండియావాళ్ళని అలాగే అంటారు.

"హిందీ, హిందీ. రొట్టెలకి లైన్లో నిలబడ్డానికెళ్ళారు," అంది అమ్మ, చేతులతో రొట్టె చూపిస్తూ.

బూట్ల చప్పుడుకే లోపల కూనిరాగం ఆగిపోయింది. ఎంతలా ఆగిందంటే, ఆ ఇంట్లో నిజంగానే ఎవరూ లేరనీ, ఎన్నడూ లేరనీ అనిపించింది నాకు. అతను ముగ్గు తొక్కకుండా పక్కనుంచి తిరిగి వెళ్ళిపోయాడు.

అమ్మ భుజం దాకా చెయ్యి ముంచి తాళంచెవి వెతికింది. తలుపు తీస్తే గదులన్నీ ఖాళీ. అమ్మ పిలిచింది. అప్పుడు బట్టల బీరువా మెల్లగా తెరుచుకుంది. తెల్లగా పాలిపోయిన ముఖంతో ఆవిడ, బయట నీళ్ళలో ఏదో పడిన చప్పుడుకి సరస్సు మీద బాతులు దిగాయనుకున్నానంది.

తరవాత ఇరాక్‌వాళ్ళు విదేశీ ఆడవాళ్ళను వెళ్ళనిచ్చారు. ఆవిడ క్షేమంగా వెళ్ళిపోయింది. ఇరాక్ తనలో కలిపేసుకున్న దేశం, సైన్యం వెళ్ళిపోయాక మళ్ళీ దేశమైంది, బోర్డులు తిరిగొచ్చాయి. పేరు తుడిచెయ్యడం పెద్దవాళ్ళ చేతిలో పని కావచ్చు కానీ, ఉన్నామని గుమ్మం ముందు గీసి చెప్పడం మన చేతిలోనే ఉందని నాకు ఆనాడే తెలిసింది.

ఇప్పుడూ అబూ హలీఫాలోనే ఉంటున్నాను. పొద్దున్నే మా గుమ్మంలో ముగ్గు వేశాక, ఎదురు ఫ్లాట్ తాళం వేసి ఉంటే దాని ముందూ ఒక ముగ్గు వేస్తాను. ఖాళీ ఇంటికి ముగ్గేమిటని మా కోడలు నవ్వుతుంది. లోపల ఎవరున్నారో మనకేం తెలుసు?