తెరమీద పడని నా పేరు

పెళ్ళయి అమెరికాలోని ఫ్రీమాంట్ వచ్చిన కొత్తలో ఓ సినిమాకి ఏడాదిపాటు గ్రాఫిక్స్ చేశాను. విడుదలైన వారమే, చివర్లో పడే నా పేరు చూపిద్దామని స్నేహితులను పిలిచాను. మావారేమో, “టికెట్లెందుకు దండగ? డౌన్‌లోడ్ చేసేశా!” అంటూ ఇంట్లోనే టీవీలో పెట్టారు.

కథ ముగియగానే తెర నల్లబడింది. పేర్లు లేవు!

“ఏదీ నీ పేరు?” అని అందరూ నవ్వారు.

“పైరసీవాళ్ళు కట్ చేసుంటార్లే. అయినా పేర్లెవరు చూస్తారు!” అన్నారు మావారు.

మర్నాడు మా అపార్ట్‌మెంట్లో అందరూ బట్టలుతుక్కునే లాండ్రీ రూమ్‌లో, నా సినిమా సంగతి తెలిసిన పక్కింటి జపాన్ పెద్దాయన కనిపించి, “థియేటర్లో మీ పేరు చూశాను. పనిచేసినవాళ్ళ పేర్లన్నీ అయ్యేదాకా మా దేశంలో సీట్లోంచి లేవరు” అన్నారు.

థాంక్స్ చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆయన ఓపిగ్గా కూర్చుని చదివిన ఆ పేరులో, ఇంటిపేరు మావారిదే.