సార్ పాఠానికి పరేషాన్

గుంటూరు నుంచి వచ్చి చార్మినార్ దగ్గరి కాలేజీలో డిగ్రీ చదువుతున్న రోజులవి. పాఠాలు వింటుంటే విద్యార్థుల మనసెలా ఉంటుందన్నది నా ప్రాజెక్టు. క్లాస్‌మేట్లను అడిగితే, "లెక్కల సార్ పాఠం చెప్తే మస్తు పరేషాన్ అయితం" అన్నారు. పాపం, అనుకున్నాను!

సెమినార్‌లో, ముందు వరుసలో సార్ కూర్చుని ఉండగానే, "లెక్కల క్లాసులో పిల్లలు తీవ్ర ఆందోళనకు గురవుతున్నారు" అని చదివేశాను. సార్ ముఖం వాడిపోయింది.

ధూల్‌పేట్ నుంచి వచ్చే నా స్నేహితురాలు స్వప్న లేచి అరిచింది. "ఏందే గిట్ల రాసినవ్? పరేషాన్ అంటే బాధ కాదే! సార్ చెప్తుంటే నోరు తెరుసుకొని ఇంటమని!"

హాలంతా నవ్వులు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "నీ రిపోర్టు ఇని నేను గూడ పరేషాన్ అయిన బిడ్డా. రెండర్థాలు రాసుకో" అన్నారు.

నేనిప్పుడు టీచర్ని. నా పిల్లలు ఎప్పుడు పరేషాన్ అవుతారా అని ఎదురుచూస్తున్నాను.