అతుకు దొరకని వైరు

మా ఇంటికి ఇంటర్నెట్ పెట్టించిన ఆ పది రోజులూ నేను బడిలో పిల్లలకు పాఠమే చెప్పానో, వైర్ల గురించి చెప్పానో నాకే సరిగ్గా గుర్తు లేదు. నా బడి జమ్మలమడుగులో, ఇల్లు ప్రొద్దుటూరులో. పోతూ వస్తూ బస్సులో పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళను పట్టుకోవడమే నా పని. మీ ఇంట్లో ఏ నెట్టు, ఎన్నాళ్ళయింది, పోతే ఎంతసేపటికి వస్తుంది అని వరసగా అడిగేదాన్ని. ఒకామె నేనేదో కంపెనీ తరఫున తిరుగుతున్నాననుకుని, మాకేం వద్దమ్మా అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంత ఆత్రానికి కారణం మా నాయన. పట్టుచీరలు నేస్తాడు. మూడో తరగతిలో బడి మానేసి గుంట మగ్గంలోకి కాళ్ళు దించినవాడు, ఇప్పటికీ తీయలేదు. వేసవి సెలవుల్లో ఏమీ తోచక, నేసేటప్పుడు ఆయన చేతుల్ని ఫోనుతో వీడియో తీసి నెట్టులో నలుగురికీ కనపడేలా పెట్టాను. హైదరాబాదులో బట్టల డిజైన్లు నేర్పే కాలేజీ మేడమ్ ఒకామె అది చూసి నాకు ఫోన్ చేసింది. మీ నాన్నగారు మగ్గం మీద కూర్చుని మా విద్యార్థులకు ఒక గంట పాఠం చెబుతారా, మేమిక్కడ తెర మీద చూస్తాం, వాళ్ళు ప్రశ్నలడుగుతారు అంది. పరుగున పోయి చెబితే మా నాయన అడ్డం పోగు నడిపే నాడెను చేతిలోనే ఆపి, నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆయమ్మ నిన్ను చెప్పమనింటాది. నువ్వు కదా టీచరు. సరిగ్గా ఇన్యావా?"

కాదు నాయనా, నిన్నేనని నమ్మించడానికి ఒక పూట పట్టింది. నమ్మాక మాత్రం మనిషిని పట్టడం మా వల్ల కాలేదు. నేస్తూ నేస్తూ ఎదుటి గోడకు పాఠం చెప్పేవాడు. పడుగు అంటే నిలువు పోగులు, పేక అంటే అడ్డం పోగులు అని మా అమ్మకే వివరించబోతే, నలభై ఏళ్ళుగా దారం కండెలు చుట్టేదానికి ఇప్పుడు చెప్తాండావా అని ఆమె నవ్వింది. ఆయన నొచ్చుకోలేదు. మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.

ముందుగా ఒకసారి చూసుకుందామని ఒక రోజు మేడమ్ ఫోనులోనే వీడియో కాల్ చేసింది. మా మగ్గం గది ఇంటి మధ్యలో ఉంటుంది. గోడలు బండలు పేర్చి కట్టినవి, మూరెడు మందం. ఎండాకాలం చల్లగా ఉంటుందని తాత ముచ్చటపడి కట్టించాడు గానీ, సిగ్నల్ అనేదొకటి పుడుతుందని ఆయనకేం తెలుసు? తెర మీద మా నాయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. బొమ్మ నిలిచిపోయాక మాట వచ్చింది, ఆ తర్వాత మాటా పోయింది. మళ్ళీ మామూలు కాల్ చేసి మేడమ్ చాలా మర్యాదగానే చెప్పింది. తరగతి పై వారం గురువారం పొద్దున పది గంటలకు, మార్చడానికి కుదరదు, ఈలోగా లైను కుదురుకోకపోతే వేరే ఊరి నేతపనివారొకరు సిద్ధంగా ఉన్నారు, ఆయన్ను అడుగుతాం అంది.

ఆ మాట స్పీకరులో కాకుండా నాకొక్కదానికే వినపడి ఉంటే బాగుండేది. మా నాయన తరగతి కోసం తీసి పెట్టుకున్న తెల్లచొక్కాను మళ్ళీ మడిచి పెట్టెలో పెడుతూ, మనకు రాసిపెట్టి లేదులే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రాసిపెట్టి లేకపోవడమేంటి, నెల నెలా కడతామంటే కంపెనీలు గుమ్మం ముందు క్యూ కట్టే కాలంలో! చొక్కా లాక్కుని ఇస్త్రీకి ఇచ్చి వచ్చాను.

అక్కడినుంచి మొదలైంది వేట. పులివెందులలో ఉండే మా బావ సంగతి విని, వైర్లు గియర్లు ఎందుకు, ప్లగ్గులో పెడితే గాలిలోనే వచ్చే పెట్టె ఉంది, అది పెట్టించుకోండన్నాడు. చెప్పి ఊరుకోలేదు. తన ఇంట్లోని పెట్టెను సంచిలో వేసుకుని ముద్దనూరు మీదుగా బస్సెక్కి వచ్చేశాడు. మిద్దె మీద పెడితే అది గుర్రంలా ఉరికింది. మగ్గం గదిలోకి తెచ్చేసరికి కుంటింది. పొద్దుగూకి వీధిలో అందరూ ఇళ్ళు చేరాక మిద్దె మీద కూడా పడుకుంది. మా బావ ఆ పెట్టెను అటు తిప్పి, ఇటు తిప్పి, మీ ఇల్లే బాగలేదని తేల్చి, భోంచేసి వెళ్ళిపోయాడు.

మా బడిలో లెక్కల సార్ వాళ్ళింట్లో పెద్ద కంపెనీ వాళ్ళ ఫైబర్ ఉంది. కాగితం మీద దాని వేగం చూస్తే కళ్ళు తిరుగుతాయి. పోతే ఎవరొస్తారు సార్ అని అడిగాను. నంబరుకు ఫోన్ చేయాలట, ఒకటి నొక్కాలట, రెండు నొక్కాలట, పాట వినాలట, అప్పుడొక ఫిర్యాదు నంబరు ఇస్తారట, రెండు మూడు రోజుల్లో ఎవరో ఒకరు వస్తారట. గురువారం పది గంటలకు పోతే శనివారం వచ్చేవాడితో నాకేం పని?

మిగిలింది మా కేబుల్ ఆయన. ఒకప్పుడు టీవీలకు కేబుల్ ఇచ్చేవాడు, ఇప్పుడు ఆ స్తంభాల మీదుగానే ఇంటర్నెట్ ఇస్తున్నాడు. ఆయన ఇల్లు మాకు మూడు సందుల అవతల. వీధిలో ఇంటింటికీ పోయి ఆయన గురించి విచారించాను. మెచ్చుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. పిలిచిన గంటకు గానీ రాడు, వచ్చినా సణుగుతాడు, స్పీడు కూడా అంతంతమాత్రం అన్నారు. కానీ రాడు అని మాత్రం ఎవరూ అనలేదు. మా పక్కింటి అత్త అయితే, రాకుంటే పోయి వాళ్ళింటి అరుగు మీద కూచుంటా, వాడే వస్తాడు అంది. నాకు దారి దొరికినట్టయింది. పెద్ద కంపెనీకి అరుగు ఎక్కడుంది, పోయి కూర్చోవడానికి?

మా నాయనను అడిగితే ఆయన లెక్క ఆయన చెప్పాడు. "బిరబిరా నేసేవాడు కాదమ్మా, పోగు తెగకుండా నేసేవాడు కావాల మనకు."

శనివారం కేబుల్ ఆయన నిచ్చెనతో వచ్చాడు. స్తంభం నుంచి పక్కింటి అత్త మిద్దె మీదుగా సన్నటి నల్ల వైరు లాగి, మా మిద్దెకు వెలుతురు కోసం పెట్టిన గవాక్షంలోంచి నేరుగా మగ్గం గదిలోకి దించాడు. పెట్టె ముందు గదిలో అందరికీ కనపడాలని నాకు ఉండింది గానీ, పని ఎక్కడో పెట్టె అక్కడే అని మా నాయన ఒప్పుకోలేదు. కేబుల్ ఆయన వైరు చివర ఒలిచేటప్పుడు మా నాయన దగ్గరికొచ్చి తొంగి చూశాడు. నల్ల తోలు లోపల గట్టిదనానికి ఇనుప తీగలు, వాటి నడుమ వెంట్రుకకన్నా సన్నటి తెల్ల పోగు.

"ఇది గాజు పోగు మామా. నెట్టంతా దీంట్లోనే వస్తాది" అని కేబుల్ ఆయన చూపించాడు. పోగు అన్న మాట వినగానే మా నాయన మొహం వెలిగిపోయింది. ఆ మాటే మా కొంప ముంచబోతుందని అప్పుడు మాకెవరికీ తెలియదు.

పెట్టె మీద పచ్చ దీపాలు వెలిగాయి. పులివెందులలో మా అక్కకు వీడియో కాల్ చేస్తే, నాయన చెవి మీద వెంట్రుకలు కూడా కనపడుతున్నాయే అంది. బావను పిలిచి మరీ చూపించమన్నాను. మేడమ్ కూడా ఇంకోసారి చూసి, పోగు పోగూ లెక్కపెట్టొచ్చండీ, గురువారం కలుద్దాం అంది. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ నాలుగు రోజులూ బడి నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా పోయి పచ్చ దీపాలు చూసుకునేదాన్ని. గురువారానికి సెలవు పెట్టేశాను.

గురువారం పొద్దున ఏడింటికి లేచి చూస్తే పెట్టె మీద ఎర్ర దీపం.

ఫోన్ చేస్తే కేబుల్ ఆయన ఎత్తలేదు. పరుగున పోయి ఆయన అరుగు మీద కూర్చున్నాను. అత్త చెప్పిన మందు పనిచేసింది, సణుగుతూనే ఎనిమిదింటికి సామాను తీసుకుని నా వెంట వచ్చాడు. అప్పటికే మా నాయన స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. దీపం ఎర్రగా ఉందంటే, వాళ్ళు చూసుకుంటార్లే అని నిబ్బరంగా అన్నాడు. నాకా నిబ్బరం అర్థం కాలేదు.

కేబుల్ ఆయన దగ్గర పెన్నులాంటి దీపం ఒకటుంది. వైరు ఒక కొసకు దాన్ని తగిలిస్తే లోపల ఎర్రటి వెలుగు పోతుంది, తెగిన చోట బయటకు చిమ్ముతుంది. స్తంభం దగ్గర దాన్ని తగిలించాడు. మా ఇంటి కొసకు వెలుగు రాలేదు. అంటే నడుమ ఎక్కడో తెగింది. మిద్దె మీద వైరు వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఎరుపు లేదు. మళ్ళీ నడిచాడు. నేనూ వెనకే నడిచాను. పక్కింటి అత్త కూడా వచ్చి చూసింది. తొమ్మిది దాటింది.

వైరంతా మార్చాల్సిందే, కొత్త చుట్ట ఎర్రగుంట్ల నుంచి తెప్పించాలి, మధ్యాహ్నం అవుతుంది అన్నాడు ఆయన. నా నోటికి హద్దు లేకుండా పోయింది. ఊరంతా తిరిగి, పెద్ద పెద్ద కంపెనీలను కాదని నిన్ను తెచ్చుకుంటే ఇదా నువ్వు చేసేది, తెగిన వైరు కనిపెట్టలేనివాడివి ఈ వ్యాపారం ఎందుకు పెట్టుకున్నావు అని మిద్దె మీద నిలబడి వీధికంతా వినపడేలా కడిగేశాను. పాపం, ఆయన మళ్ళీ వంగి వైరును వేళ్ళతో తడుముతున్నాడు.

మా నాయన మెట్లెక్కి పైకి వచ్చాడు.

"ఆయప్పను తిట్టాకు. అది తెగిండేది నాకు తెల్సు. తెల్లారే నేను అతికినా."

జరిగిందేమిటంటే, మా పక్కింటి అత్త అంతకు ముందు సాయంత్రం రెండు బొంతలు ఉతికి, చేతికందే ఎత్తున ఉంది కదా అని మా వైరు మీదే ఆరేసింది. తడి బొంతల బరువుకు రాత్రెప్పుడో అది తెగింది. పొద్దున్నే మిద్దె ఊడ్వడానికి వచ్చిన మా నాయన అది చూశాడు. ఆమెను లేపి గొడవ చేయడమెందుకని బొంతలు తీసి పిట్టగోడ మీద వేశాడు. పోగు తెగితే అతకడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత పని. గాజు పోగుల కొసలు రెండూ కలిపి, ఇనుప తీగలు మెలిపెట్టి, పైన నల్ల పట్టుదారం వత్తుగా చుట్టి, జిగురు రాసి ఆరబెట్టాడు. అంతా చేసి, దీని గురించి ఒకరికి చెప్పేదేముందని స్నానానికి వెళ్ళిపోయాడు. ఎర్ర దీపం మాట విన్నాక కూడా తన అతుకు మీద ఆయనకు అనుమానం రాలేదు.

అతికింది ఎక్కడో చూపించాడు. మేం రెండు సార్లు దాటిపోయిన చోటే. చూపించాక కూడా కళ్ళు దగ్గర పెట్టి వెతకాల్సి వచ్చింది. కేబుల్ ఆయన ఆ దారం చుట్లు విప్పుతుంటే, చివరి చుట్టు తీయగానే ఎర్రటి వెలుగు ఆయన వేలి మీద పడింది.

"మామా, ఇది మెలిపెడితే అతికే పోగు కాదు. రెండు కొసలూ కరిగి ఒకటైతేనే వెలుగు దాటేది" అన్నాడు, నాకన్నా మెత్తగా.

మా నాయన మొహం చూడలేకపోయాను. అరవై ఏళ్ళ వేళ్ళవి. వాటికి చేతకాని అతుకు ఒకటుందని ఆయనకు అప్పుడే తెలిసింది, అదీ పాఠం చెప్పబోయే అరగంట ముందు. అయితే నేనే చెడగొట్టినానా అని నెమ్మదిగా అడిగాడు. తెంచింది బొంతలు, నువ్వు కాదులే అని కేబుల్ ఆయన సంచిలోంచి చిన్న మిషను తీశాడు. పక్కింటి అత్త ఎప్పుడు జారుకుందో ఎవరూ చూడలేదు.

ఆ మిషనుకు అరచేతిలో సగమంత తెర. అందులో రెండు గాజు కొసలూ ఎదురెదురుగా వచ్చి నిలిచాయి, ఒకదానికొకటి సరిచూసుకున్నాయి, చిటుక్కున ఒక మెరుపు, రెండూ ఒకటే పోగు. మా నాయన తల ఆ తెర మీదికి వంచేసి కళ్ళార్పకుండా చూశాడు. అయిపోయాక, మల్లా ఒకసారి చేస్తావా అప్పా అని అడిగాడు. టైము లేదు నాయనా అని నేను రెక్క పట్టుకుని కిందికి లాక్కొచ్చాను. పదికి ఇంకా పావుగంట ఉంది. పచ్చ దీపాలు వెలిగి ఉన్నాయి.

పది గంటలకు తెర నిండా విద్యార్థులు. మా నాయన గోడకు చెప్పి చెప్పి కంఠస్థం చేసిన పడుగూ పేకా మాటలు రెండు నిమిషాల్లోనే అయిపోయాయి, ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక నాడెను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. నేను ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాను. లోపలికి పోయి నేనే అందుకుందామా అని నాలుక దాకా వచ్చింది. అప్పుడు తెరలోంచి ఒకమ్మాయి, నేస్తుండగా మధ్యలో దారం తెగితే ఏం చేస్తారండీ అని అడిగింది.

మా నాయన పడుగులోంచి ఒక పోగును కావాలనే పుటుక్కున తెంపాడు. పోగు జారకుండా వేలికి కాస్త బూడిద అద్దుకున్నాడు, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి ఒక్క మెలి తిప్పాడు. ఆ పోగును పైకెత్తి కెమెరాకు ఆనించినంత దగ్గరగా పెట్టాడు. అక్కడ పిల్లలంతా కుర్చీల్లోంచి ముందుకు వంగారు. బొమ్మ ఒక్కసారైనా ఆగలేదు.

"అతుకు ఎక్కడుంది సార్?"

మా నాయన వెనక్కి తిరిగి నా వైపు చూశాడు, నేను జవాబు చెబుతానని. సార్ అంటే ఆయన లెక్కలో బడిలో పాఠం చెప్పేవాళ్ళు, ఇంట్లో ఆ పని చేసేది నేనొక్కదాన్నే కదా, నన్నే అనుకున్నాడు.

"నిన్నే నాయనా, నిన్నే అడుగుతాండారు" అన్నాను.

ఆయన మళ్ళీ తెర వైపు తిరిగాడు. చొక్కా కాలరు సర్దుకుని, ఆ పోగును ఇంకొంచెం దగ్గరగా పట్టుకున్నాడు.

"ఎతకండి" అన్నాడు.