అద్దం అవతల బాపు

మా బాపుకు అన్నవాహికలో క్యాన్సర్ అని తేలాక ముందు కీమో, రేడియేషన్ ఇచ్చారు. ఆ తర్వాత ఆపరేషన్ చేసి రోగం ఉన్న భాగాన్ని తీసేశారు. తీసిన ముక్కను పరీక్షకు పంపారు. మందులకు రోగం ఎంత చచ్చిందో, ఎంత మిగిలిందో ఆ రిపోర్టే చెబుతుందట. మనిషి ఎన్నాళ్ళు ఉంటాడన్న అంచనా కూడా చాలావరకు దాన్ని బట్టేనట. ఆ కాగితం కోసం దేవుళ్ళందరికీ మొక్కిన నేనే, తీరా వచ్చిందని ఫోన్ రాగానే ఇంకో నాలుగు రోజులు ఆగితే బాగుండేదనుకున్నాను.

ఠాణేలో డాక్టరు గదికి అద్దం తలుపు. బాపును బయట తలుపుకు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళాను. చెడ్డమాట వింటే నా ముఖంలో దాగదు. అందుకని కుర్చీ జరుపుకుని మరీ తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

డాక్టరు మంచివాడు. నాకు అర్థం కావాలని హిందీలో నెమ్మదిగా, మాట మాటా విడదీసి చెప్పాడు. గొట్టంలో రోగం దాదాపు పోయింది. కానీ చుట్టూ ఉన్న గ్రంథుల్లో కొన్నింటిలో ఇంకా ఉంది. అక్కడ కూడా లేకపోయి ఉంటే ధైర్యంగా మాట్లాడేవాణ్ణి అన్నాడు. తిరగబెట్టే భయం మొదటి రెండేళ్ళలోనే ఎక్కువ, అవి దాటితే ఆశ పెరుగుతుంది అన్నాడు.

"బతుకుతాడా?" అని అడిగాను.

"ఖాయంగా ఎవరూ చెప్పలేరమ్మా."

బయటికొచ్చి, "రోగమంతా పోయిందట బాపూ" అన్నాను నవ్వు పులుముకుని. ఆయన తలూపాడు.

ఆటో మేముండే కామత్‌ఘర్ సందులోకి తిరిగింది. రెండు వైపులా సాంచెల చప్పుడు, మరమగ్గాల హోరు. ఆటో అతను వెనక్కి తిరిగి ఏదో అడిగాడు, నాకు ఒక్క ముక్క వినపడలేదు. బాపు మాత్రం అతని పెదాలు చూసి ఎడమవైపు చెయ్యి చూపించాడు. అప్పుడు తట్టింది నాకు. నలభై ఏళ్ళు మరమగ్గాల మధ్య పనిచేసిన మనిషి. అక్కడ ఎవరి మాటా చెవిన పడదు, పెదాలు చూసే మాట్లాడుకుంటారు. నేను నా ముఖం దాచి, డాక్టరు ముఖాన్ని ఆయనకు ఎదురుగా వదిలేశాను.

గుమ్మంలోనే అమ్మ ఎదురొచ్చింది. "ఏమన్నరే? జల్ది చెప్పు."

నేను చెప్పులు విడిచేలోపు బాపే అందుకున్నాడు. "అంతా పోయిందన్నడు. నా పీడ నీకిప్పట్ల పోదు."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని పక్కింట్లో చెప్పడానికి పరుగెత్తింది. ఆమె అటు వెళ్ళగానే బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, ఆ రెండేండ్లు ఏ దినం సంది లెక్క? ఆపరేషన్ సందా, ఇయ్యాల్టి సందా?"

ఆ మాట నేను డాక్టరును అడగనే లేదు. అడగాలని కూడా తోచలేదు.

"ఆపరేషన్ సందే బాపూ" అన్నాను.

"అట్లయితే ఇర్వై దినాలు అయిపోయినయి గదా" అన్నాడు.