మా అక్క పరీక్షా, నేను బిగించిన కాళ్లూ

మా అక్కను గ్రౌండులో అందరూ రైలక్క అంటారు. ఒకప్పుడు నాలుగు వందల మీటర్లు పరిగెత్తేది. ఆమె మలుపు తిరిగితే చూసేవాళ్ల టోపీలు ఎగిరిపోయేవని నేను కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాను. నిజానికి నేను ఒక్క పోటీ కూడా పూర్తిగా చూడలేదు, మధ్యలో ఏదో ఒకటి తినడానికి వెళ్లిపోయేదాన్ని. కాలు విరిగాక అక్క అక్కడే స్టోరు గదిలో బంతులూ చాపలూ ఇచ్చే పనిలో చేరింది. నేను అదే భవనంలో గదులు తుడుస్తాను.

అక్కకు కోచ్ కావాలని ఆశ. దానికి ఎముకల పేర్లు చెప్పే పరీక్ష గట్టెక్కాలి. రెండుసార్లు తప్పింది, మూడోదే ఆఖరు అవకాశం. ఆర్నెల్లపాటు వంటింట్లో నన్ను నిలబెట్టి, గరిటెతో పొడుస్తూ పేర్లు వల్లించింది. మనిషికి రెండు వందల ఆరు ఎముకలట. ఆ పోట్లకు నాలో మరో వంద బయటపడ్డాయి.

పరీక్ష రోజు పొద్దున అది జరిగే గది తుడిచింది నేనే. మూల వేలాడే ప్లాస్టిక్ అస్థిపంజరానికి దుమ్ము దులపబోతే చీపురు తగిలి, మోకాళ్ల కింద భాగాలు రెండూ ఊడిపడ్డాయి. పాదాలు చెరో దిక్కుకు దొర్లాయి. ఎవరినైనా పిలవచ్చు. కానీ ఆర్నెల్లు విన్నదాన్ని, నాకు రాదా అనుకున్నాను. ఐదో తరగతిలో ఆగిన నా చదువు ఆ ఒక్క నిమిషంలో డాక్టరీ దాకా పోయింది. టకటకా బిగించేసి, దూరం జరిగి చూసుకుంటే నా పనితనం నాకే ముద్దొచ్చింది.

పరీక్ష పెట్టే పెద్దాయన వచ్చాడు. నేను బకెట్టు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. అక్క పుర్రె నుంచి తుంటి దాకా ఒక్కటీ తప్పలేదు. పరిగెత్తేటప్పుడు పిక్క భాగంలో బరువు మోసే ఎముక చూపించమన్నాడాయన.

అక్క వంగి, అలాగే ఉండిపోయింది. అక్కడ రెండు ఎముకలుంటాయి. లావుది టిబియా, లోపలివైపు, అంటే రెండో కాలి పక్కకి. సన్నది ఫిబులా, బయటివైపు. ఈ అస్థిపంజరానికి సన్నది లోపలుంది. కుడిది ఎడమకూ, ఎడమది కుడికీ తగిలించానని నాకప్పుడు వెలిగింది. నోరు విప్పితే నా ఉద్యోగం పోతుంది, విప్పకపోతే అక్క ఆశ పోతుంది. బకెట్టు వైపు చూశాను. అది సలహా ఏమీ ఇవ్వలేదు.

"ఏమ్మా, తెలీదా?" అన్నాడాయన.

అక్క తన కాలికి బయటివైపున్న పాత కుట్ల మచ్చ తడుముకుంది.

"బరువు మోసేది ఈ లావుదే సార్. కానీ ఇది లోపలుండాలి. ఈ బొమ్మకు కాళ్లు తారుమారుగా బిగించారు."

"పాతికేళ్లుగా ఈ బొమ్మతోనే పరీక్ష పెడుతున్నానమ్మా."

"నాకు విరిగింది సన్నదండి. బయటివైపే విరిగింది. నా కాలు అబద్ధం చెప్పదు సార్."

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి బొమ్మ కాలు చూశాడు, తన కాలు తడుముకున్నాడు, మళ్లీ బొమ్మను చూశాడు. ఇదెవరి పని అని అడిగాడు. పెద్ద గాలి వచ్చిందని చెప్పాను. ఆ గదికి కిటికీయే లేదు.

"దాని మాట వినకండి సార్, మా చెల్లెలు," అంది అక్క.

ఆయన నవ్వాపుకుంటూ కాగితం మీద పాస్ అని రాసి, కోచ్ గారూ, ముందు ఈవిడకు నేర్పండి అన్నాడు. అక్క నన్ను నేల మీద కూర్చోబెట్టి ఆ కాళ్లు విప్పించింది. కోచ్‌గా మా అక్క చెప్పిన మొదటి పాఠం నాకే. సాయంత్రం దాకా సాగింది.