సిలిండర్ లేనిదే మత్తు లేదు

ఎనభైల చివర్లో గద్వాల దగ్గర ఒక చిన్న దవాఖానలో నేను నర్సును. యంత్రాలు లేవు కనుక, మా మత్తు డాక్టరమ్మ ఆపరేషన్ అయ్యేదాకా రోగి నాడి మీద వేలు తీసేది కాదు.

ఒక కుటుంబ నియంత్రణ ల్యాపరోస్కోపీ క్యాంపులో, చీరలు నేసే ఒకామె బల్ల మీద పడుకున్నాక ఆక్సిజన్ సిలిండర్ ఖాళీ అని తేలింది.

"కానియ్యండి, బయట మస్తు మంది ఉన్నరు," అన్నాడు పెద్ద డాక్టరు.

"కడుపుల గ్యాస్ నింపితే ఊపిరి కష్టమైతది సార్. సిలిండర్ రాందే మత్తియ్య," అంది డాక్టరమ్మ.

"మీ మీద పైకి రాస్త."

"రాయుండ్రి."

సాయంత్రానికి కర్నూలు నుంచి సిలిండర్ వచ్చింది. ఆపరేషన్లు జరిగాయి, అందరూ క్షేమంగా లేచారు. అయినా డాక్టరమ్మకు బదిలీ వచ్చింది. బస్సు దగ్గర నేను ఏడుస్తుంటే, "ఎందుకేడుస్తవ్ సిస్టర్? ఆడ గూడ గిదే చెప్త," అంది.