చెవుల్లేని బొమ్మలు

చేవెళ్ల బడిలో మా డ్రాయింగ్ టీచర్ ప్రతి పిల్లవాడి బొమ్మా గీసేది, చెవులు మాత్రం వదిలేసేది. "నా చెవులేవి టీచర్?" అని అడిగితే, "చెప్పిన మాట ఇన్ననాడు పెడ్త, తియ్" అనేది. పదో తరగతి అయ్యేసరికి మా క్లాసులో నలుగురికో అయిదుగురికో చెవులొచ్చాయి. నాకు రాలేదు.

తర్వాత నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. అందరిలాగే నేనూ మొయినాబాద్‌లో ఫామ్‌హౌస్ మొదలుపెట్టి, రిటైరైన టీచర్‌ను తీసుకెళ్లి చూపించాను. గేటు పెట్టబోయే చోట చింతచెట్టు ఉంది. "దీన్ని కొట్టకు బిడ్డా, గేటే జర పక్కకు జరుపు" అంది. బుద్ధిగా తలూపాను. వారం తిరక్కుండా చెట్టు కొట్టించాను.

గృహప్రవేశానికి ఆమె తెచ్చిన కానుక విప్పితే, నా బొమ్మ! కళ్లజోడు, బట్టతల, మెడలో కంపెనీ కార్డు, అన్నీ అచ్చు దింపింది. చెవులే లేవు.

ఎనభై నాలుగో ఏట టీచర్ పోయింది. దశదినకర్మ నాడు ఆమె కూతురు నన్ను లోపలి గదిలోకి పిలిచి, గోడమీది రెండు బొమ్మలు చూపించింది. ఒకటి కూతురిది. దానికి ఒక్క చెవే ఉంది.

"యాభై ఏండ్లకు ఒక్కటి పెట్టింది అన్నా," అని నవ్వింది.

రెండోది టీచర్ తనను తాను గీసుకున్నది. దానికి ఒక్కటీ లేదు.

"ఇదేందమ్మా, నీకు గూడ పెట్టుకోలేదా అని అడిగిన. 'నేనెవరి మాట ఇన్ననని పెట్టుకోవాలె బిడ్డా?' అన్నది."